గుమ్మానికి ఎదురుగా కలివి ముళ్ళు

గృహప్రవేశానికి వచ్చినవాళ్ళంతా తొమ్మిదో అంతస్తు వైపు తలలెత్తి చూస్తుంటే, మునిరత్నమ్మ మాత్రం కింద కంచె వైపే చూస్తూ నిలబడింది. కంచెలో మనిషి పట్టేంత సందు. అక్కడ ఉండాల్సిన రెండు కలివి ముళ్ళ మొక్కల్ని తెల్లవారగానే పీకి గోడ వెనక పడేసింది తానే.

తిరుపతి బయట, చెరువుకు ఆనుకుని లేచిన ఆ అపార్టుమెంటుకు తోట వేసింది ఆమె కూతురు స్రవంతి. అది ఆ పిల్ల మొదటి పని. "ఇనుప కమ్మీలు వొద్దు సార్. మన కొండల్లో మొలిచేవే పెడదాం. కలివి కంచె దాటి మేక కూడా పోదు" అని బిల్డరు జయచంద్రను ఒప్పించింది. కంచె అవతల చెరువులోకి దిగే వాలంతా వట్టివేళ్ళ గడ్డి నాటించింది. నీళ్ళ అంచున జమ్ము.

అది విన్నప్పటి నుంచి మునిరత్నమ్మకు కంటిమీద కునుకు లేదు. పసిబిడ్డ కంట్లో ముల్లు దిగితే? గడ్డిలో పాము చేరితే? అన్నిటికీ మించి, గుమ్మానికి ఎదురుగా ముళ్ళ చెట్టా! ఆ ఇళ్ళల్లో ఎవరికి తలనొప్పి వచ్చినా నా బిడ్డనే ఆడిపోసుకుంటారు.

చెబితే స్రవంతి నవ్వింది. "నీకు గోంగూర కట్టలో కూడా పామే కనిపిస్తాది మా!"

అందుకే ఈసారి చెప్పకుండా పీకింది.

"నవీనా! యాడుండావే?"

కేక వేసింది ఇల్లు కొన్న దేవకమ్మ. నవీన ఆమె మనవరాలు, నాలుగేళ్ళ పిల్ల.

"మెట్ల కాడ ఆడుకుంటా ఉంటాదిలే అక్కా" అన్నారెవరో. మునిరత్నమ్మకు మాత్రం సందులో పడి ఉన్న చిన్న గులాబీరంగు చెప్పు కనిపించింది.

పరుగెత్తింది. పక్క మొక్కల ముళ్ళకు చీర చిరిగింది. వాలు మీద కాలు జారింది. కింద నీళ్ళు కదలకుండా ఉన్నాయి. అయిపోయింది, అంతా అయిపోయింది.

గడ్డి కదిలింది.

నీళ్ళకు జానెడు పైన, వట్టివేళ్ళ దుబ్బుల మధ్య ఇరుక్కుని పిల్ల కూర్చుని ఉంది. జారి జారి అక్కడ ఆగింది. రెండు పిడికిళ్ళ నిండా గడ్డి.

"అవ్వా, కోడి సూడు, నీళ్ళల్లో ఉండాది" అంది, జమ్ములో నక్కిన నీటికోడిని చూస్తూ.

పిల్లను చంకనేసుకుని పైకి వచ్చేసరికి జయచంద్ర స్రవంతి మీద అరుస్తున్నాడు.

"మేక కూడా పోదంటివే! బిడ్డే పోయింది గదమ్మా! రేపే ఈ గడ్డీ గాదం పీకించి కమ్మీలు కొట్టిస్తా. నువ్వింక రావాకు!"

స్రవంతి ఆ సందులో తడి ఆరని గుంతల్ని చూసింది. తర్వాత తల్లి అరచేతుల మీద ముళ్ళు గీసిన గీతల్ని చూసింది. తల్లికి అడ్డంగా వచ్చి నిలబడింది.

నిజం చెబితే ఏమవుతుందో మునిరత్నమ్మకు తెలుసు. కొడతారు. పోలీసుల్ని పిలుస్తారు. అయినా పిల్లను దేవకమ్మ చేతికిచ్చి అంది:

"నేనే పీకినాను సామీ. గుమ్మానికి ఎదురుగా ముల్లుండకూడదని. నా బిడ్డకేం తెలీదు."

దేవకమ్మ మనవరాలి ఒంటిమీద బురద తుడిచి, పిడికిట్లో ఇంకా ఉన్న గడ్డిని చూసింది.

"ఆ ముళ్ళు తీసేయించమని నిన్న నేనూ మావోడికి చెప్పినా" అంది. "జయచంద్రా, ఆ గడ్డి మాత్రం ముట్టుకోవాకప్పా."

"మరి ఈ సందుకేం అడ్డం పెట్టేది?" అన్నాడతను, కోపం తగ్గకుండానే.

మునిరత్నమ్మ వెళ్ళి ఆ సందులో నిలబడింది. విస్తళ్ళు వేశారు, పిలిచారు. కదల్లేదు. ఎండ నెత్తికెక్కింది. అప్పుడు స్రవంతి గోడ వెనక నుంచి, తడి గోనెలో చుట్టిన ఆ రెండు మొక్కలు, గడ్డపార తెచ్చింది.

"జరుగు మా, నాటాల."

"బతుకుతాయంటావా? వేర్లు తెగిపోయినాయేమో! ఎండిపోతే?"

స్రవంతి ఒక మొక్కను తల్లి చేతిలో పెట్టింది. మునిరత్నమ్మ దాన్ని ముళ్ళతో సహా గట్టిగా పట్టుకుంది.