ఫెలీసాకు తోడు

ఆసుపత్రిలో నర్సులు బట్టలు మార్చుకునే గదిలో అడుగుపెట్టే ముందు ఫెలీసా తలుపును గోడకు తగిలేదాకా తోసింది. తలుపు వెనక ఎవరూ లేరు. అప్పుడు లోపలికి వెళ్ళి, నెరిసిన జుట్టు ముడివేసి, చొక్కాకు మెడ దాకా గుండీలు పెట్టుకుంది. ఫిలిప్పీన్స్‌లోని ఇలోయిలో నగరపు ఉక్కపోతకు గోడలు కూడా చెమరుస్తాయి. అయినా ఆ పై గుండీని ఆమె ఏనాడూ విప్పలేదు.

వరండాలో కుర్ర నర్సు జోవెలిన్ నిలబడి ఉంది. ఒక రోగి కొడుకు తనను గోడకేసి కొట్టిన తర్వాత ఈ రోజే మళ్ళీ పనిలోకి వచ్చింది. అన్నం డబ్బా ఇంకా చేతిలోనే ఉంది.

"నావల్ల కాదక్కా. వెళ్ళిపోతా."

"వెళ్దువుగానిలే. ముందు ఆ డబ్బాలో ఏముందో చెప్పు. పాన్సిట్ సేమ్యా తెచ్చావా ఏంటి? డ్యూటీలో అది తింటే రోగులు తిరనాళ్ళకొచ్చినట్టు వస్తారు, తెలుసుగా?"

"అన్నం, ఎండుచేపక్కా." జోవెలిన్ పెదవులు కొద్దిగా విచ్చుకున్నాయి.

"అయితే పద."

దెబ్బతిన్న నర్సులను మళ్ళీ వార్డులోకి నడిపించడం ఫెలీసాకు ఎవరూ అప్పగించిన పని కాదు. ఎవరూ చేయడం లేదని తనే మొదలుపెట్టింది. మంచం దగ్గర నిలబడినా బయటికి దారి ఉండేలా చూసుకోమనీ, తెర పూర్తిగా లాగొద్దనీ, చేతులు వణికితే చన్నీళ్ళలో ముంచమనీ చెప్పేది. ఏడిస్తే ఏడవనిచ్చేది. ఆమె నిలబెట్టినవాళ్ళు కొందరు మనీలాకు, కొందరు గల్ఫుకు వెళ్ళిపోయారు. ఆమె మాత్రం అదే వార్డులో, అక్క కూతురింట్లోని అదే చిన్న గదిలో ఉండిపోయింది.

మధ్యాహ్నం అన్నాల వేళ ఒక ముసలమ్మకు ఎక్కిస్తున్న సెలైను అయిపోయింది. ఆమె కొడుకు, రేవులో మూటలు మోసే మనిషి, మందుల ట్రేను నేలకేసి కొట్టాడు.

"మా అమ్మ చస్తే గానీ రారా మీరు?"

జోవెలిన్ గోడకు అంటుకుపోయింది. ఫెలీసా ముందుకు నడిచింది.

"అమ్మ మీద బెంగతోనే కదా నాయనా అరుస్తున్నావు. ఇదిగో, మారుస్తున్నా. ఆమె చెయ్యి కదలకుండా పట్టుకో."

అతను పట్టుకున్నాడు. కాసేపటికి తల్లి కాళ్ళ దగ్గర కూర్చుని కళ్ళు తుడుచుకున్నాడు. వార్డంతా ఊపిరి పీల్చుకుంది. ఫెలీసా అతని వైపు వీపు తిప్పకుండానే నెమ్మదిగా దుప్పట్ల గదిలోకి తప్పుకుంది.

జోవెలిన్ వెళ్ళి చూసేసరికి ఆమె ఉతికిన దుప్పట్ల మధ్య నేల మీద ముడుచుకుని ఉంది. తెల్ల ప్యాంటు తడిసిపోయింది. పళ్ళు టకటకా కొట్టుకుంటున్నాయి.

"తలుపు వెయ్యకే. వెయ్యకు."

"వెయ్యనక్కా." జోవెలిన్ పక్కనే చతికిలబడింది. "నీకు భయమే లేదనుకున్నాం మేమంతా."

"ఒకడు నా పీక పిసికాడే. నువ్వప్పటికి పుట్టలేదేమో. మర్నాడే అదే వార్డులో డ్యూటీ వేశారు. ఎముకలేం విరగలేదుగా, అదృష్టవంతురాలివి అన్నారు. అప్పట్నుంచీ ఎవడు గొంతు పెంచినా నాకిదే గతి."

"మరి నీకు తోడుగా ఎవరు నిలబడ్డారు?"

ఫెలీసా నవ్వబోయింది. ఆ మాట ఇంతవరకు ఆమెను ఎవరూ అడగలేదు. జవాబు కోసం నిజంగానే వెతుక్కుంది. ఒక్క ముఖమూ గుర్తు రాలేదు. అప్పుడు చిన్నపిల్లలా నోరు తెరిచి ఏడ్చింది.

డ్యూటీ దిగాక ఇద్దరూ హెడ్ నర్సు గదికి వెళ్ళారు.

"రేపట్నుంచి రాను మేడమ్," అంది ఫెలీసా.

"నువ్వు లేకపోతే ఈ పిల్లల్ని ఎవరు చూస్తారు?"

ఫెలీసా తల వంచుకుంది. అలవాటు కొద్దీ సరేనని ఉండేదే. ఈలోగా జోవెలిన్ ముందుకొచ్చి అంది: "మమ్మల్ని చూడటం ఈమె ఒక్కదాని పనేనా మేడమ్?"

హెడ్ నర్సు రేపటి డ్యూటీ పట్టీ దగ్గరికి లాక్కుని ఫెలీసా పేరు కొట్టేసింది.

ఫెలీసా రబ్బరు చెప్పులతో గేటు దాకా నడిచింది. ఊళ్ళో జనాన్ని ఎక్కించుకు తిరిగే జీప్నీ బండి వచ్చేదాకా జోవెలిన్ పక్కనే నిలబడింది.

"రేపు వస్తావుటే?"

"తెలీదక్కా. భయంగానే ఉంది."

"ఉంటుందే," అంటూ ఫెలీసా జీప్నీ ఎక్కి, దిగే మెట్టు పక్కనే కూర్చుంది.

జోవెలిన్ బట్టలు మార్చుకునే గదికి తిరిగి వచ్చేసరికి బెంచీ కింద ఫెలీసా తెల్ల బూట్లు ఉన్నాయి. మడమలు నలిగిపోయి, లేసులు వదులుగా, ఏ క్షణంలోనైనా కాళ్ళు దూర్చి పరుగెత్తడానికి వీలుగా, రెండూ తలుపు వైపే తిరిగి.