ఉడత తోక

నరసింహప్పకు ఎవరైనా చప్పట్లు కొడితే నా కడుపు మండిపోతుంది. దాచుకోవడం నాకు చేతకాదు.

ముప్పై మూడేళ్ళ కిందట మేమిద్దరం ఒకే సినిమాకు పనిచేశాం. నగర్తపేటలో బట్టలు కుట్టుకునే నన్ను కాస్ట్యూములకు పిలిచారు. అతను బొమ్మలు గీసేవాడు. ఆ సినిమాలో నిజం మనుషుల మధ్య అతను గీసిన ఉడత ఒకటి గెంతుతూ తిరుగుతుంది. అందరూ దాన్ని ఉడత సినిమా అనే అంటారు. అందులో బాగా పేరుపడ్డది ఒక షాటు. హీరోయిన్ చాచిన అరచేతిలోకి ఉడత దూకుతుంది, చెయ్యి కాస్త కుంగుతుంది. "బొమ్మకు అంత బరువెలా తెప్పించారు సార్?" అని ఇప్పటికీ నరసింహప్పనే అడుగుతారు. ఆ ఒక్క షాటులోనే ఉడత తోక బారెడుంటుంది. అదీ ఆయనగారి కల్పనేనని జనం మాట!

బరువు వాడిదా? నాది! షూటింగులో ఉడతెక్కడిది, ఉత్త చెయ్యి. ఆమె మణికట్టుకు దారం కట్టి, బల్ల కింద కూర్చుని లాగింది నేను. వెనక నల్ల తెర కాబట్టి నల్లదారమే కట్టమన్నారు. అది ముహూర్తం షాటు. ముహూర్తానికి నల్లదారం ఎవరైనా కడతారా? చెప్పకుండా పసుపుదారం కట్టాను. దేవుడి దయ, ఎవరి కంటా పడలేదు. ఆ బరువు నాదని చచ్చేలోగా నలుగురి చెవినా పడాలి, అంతే నా కోరిక.

మొన్న ఆదివారం మారతహళ్ళిలో ఆ సినిమా మళ్ళీ వేశారు. నన్నెవరూ పిలవలేదు, నేనే వెళ్ళాను. స్టేజీ మీద నరసింహప్ప శాలువా కప్పుకుని కూర్చున్నాడు. ప్రశ్నలడిగే అమ్మాయి శశికళ తెర మీద ఆ షాటు ఆపింది.

"సార్, ఈ తోక ఎందుకింత లాంగ్‌గా ఉంది?"

"చెయ్యి జారిందమ్మా," అన్నాడు ఎప్పటిలాగే. "డైరెక్టరు బాగా తిట్టినాడు. ఆ పై సినిమాకు పిలవనే లేదు."

అందరూ నవ్వారు. నేను లేచి వెళ్ళి మైకు లాక్కున్నాను.

"తోక సంగతి అట్లుండనీమ్మా. బరువు సంగతి నేను చెప్తా. దారం కట్టి లాగింది నేను, హనుమక్క!"

"దారమా? ఫ్రేమ్‌లో ఎక్కడా కనిపించట్లేదే ఆంటీ!" అంటూ శశికళ తెర వైపు తిరిగింది.

నేనూ చూశాను. మణికట్టు నుంచి బల్ల అంచు దాకా, దారం ఉండాల్సిన చోటంతా తోకే ఉంది. తోక చివర మాత్రం వెంట్రుకంత పసుపు తొంగిచూస్తోంది.

తెర మీంచి చూపు తిప్పి అతని వైపు తిరిగాను.

"నరసింహప్పా, పసుపుదారం సంగతి నీకు తెలుసునా?"

"ఊరుకో హనుమక్కా," అన్నాడు మెల్లగా. "అప్పుడు నీకు కొత్త పని. చెప్పింటే ఆ పొద్దే నిన్ను పంపించేస్తా ఉండ్రి."

ఓరి వీడి దుంపతెగ! మంచితనంలోనూ నన్ను మించిపోవాలా?

మైకు ఇంకా నా చేతిలోనే ఉంది. "ఈయప్ప చెయ్యి జారలేదు. నల్లదారం కట్టమంటే పసుపుదారం కట్టింది నేను. నా తప్పు కప్పేదానికే ఆ తోక గీసినాడు," అన్నాను.

హాలంతా లేచి నిలబడి చప్పట్లు కొట్టింది. మళ్ళీ వాడికే.

మైకు చంకలో పెట్టుకుని నేనూ కొట్టాను, పళ్ళు నూరుకుంటూ.