మూడు చీటీలు, ఒక దారం

పడవల షెడ్డులోకి వరద వచ్చిపోయిన రెండో ఏడు. ఆ ఏడే పడవల వడ్రంగి తన ఇనప్పెట్టె నంబరు మర్చిపోయాడు.

పెట్టెలో వాళ్ళ నాన్న రాసిన కొలతల పుస్తకం ఉంది. ఏ పడవకి ఏ చెక్క ఎంత వంపు తిరగాలో అంతా అందులోనే. మర్నాడు పొద్దున పని మొదలుపెడతానని రేవు పెద్దకి మాటిచ్చాడు. మొదలుపెట్టకపోతే పెద్ద పడవ పని పక్క షెడ్డుకి పోతుంది. ఆ తాళమా, మూడుసార్లు తప్పు తిప్పితే బిగుసుకుపోయే రకం. ఒకసారి అప్పుడే తప్పాడు.

వరదప్పుడు ఆయన అవతలి గట్టున చిక్కుకుపోతే, నంబరు తెలిసినవాళ్ళు ఇంట్లో లేక పుస్తకం సగం నానింది. అందుకే నీళ్ళు తీశాక ముగ్గురు పిల్లలకీ తలా ఒక చీటీ ఇచ్చాడు. ఒకరికే చెబితే ఆ ఒకరూ ఊళ్ళో లేకపోతే? అందరికీ చెబుదామంటే పెద్దకొడుకు నోట్లో నువ్వుగింజ నానదు. ఒక్క చీటీతో ఏమీ తేలదు. ఏ రెండు కలిసినా చాలు.

చిన్నోడు ఓడ మీద ఎక్కడో ఉన్నాడు. మిగిలిన ఇద్దరినీ పిలవమని కోడలికి చెప్పాడు.

కూతురు వస్తూనే అడిగింది. "ఏం నాన్నా, మర్చిపోయావా?"

ఆయన గోడవైపు తిరిగాడు.

"మర్చిపోయాడే అక్కా! చెవులు ఎలా ఎర్రబడ్డాయో చూడు" అన్నాడు కొడుకు.

"ముందు నీ చీటీ తియ్యరా, రేడియో!"

కూతురి చీటీలో, షెడ్డు మూల గుంజ నుంచి నాలుగడుగులు, నేల నుంచి యాభై అంగుళాలు అని ఉంది. కొడుకు దాంట్లో తొమ్మిదడుగులు, అరవై అయిదు అంగుళాలు. ఆ రెండుచోట్లా గోడకి మేకులు కొట్టి, దారం బిగించి, తిన్నగా గుంజదాకా లాగారు. గుంజ మీద పెయింటుతో వేసిన అంగుళాల గీతలున్నాయి. దారం తగిలిన అంకే నంబరు.

"నలభై రెండు!" కొడుకు కేకేశాడు.

"మెల్లిగా ఏడు, రేవుదాకా వినబడింది" అంది కూతురు.

వడ్రంగి తిప్పాడు. రాలేదు. ఇక ఒక్కసారే మిగిలింది.

"నీ కొలతే తప్పు." "కాదు, నీదే." అక్కాతమ్ముడూ తగువు లంకించుకున్నారు. ఆయన గొడ్డలివైపు చూశాడు. కోడలు మాత్రం గుంజ మొదట్లో గొంతుక్కూర్చుంది.

"మావయ్యా, నేల దగ్గరే నాలుగు అని ఉందేంటి ఇక్కడ?"

ఆయన నుదురు కొట్టుకున్నాడు. మళ్ళీ నీళ్ళు రాకుండా నిరుడు నేలంతా నాలుగంగుళాలు ఎత్తు చేయించింది ఆయనే. గుంజ మీది మొదటి నాలుగంగుళాలు సిమెంటు కింద ఉన్నాయి. పిల్లలు కొత్త నేల నుంచి కొలిచారు, గీతలేమో పాత నేల నుంచి లెక్క. నాలుగు తీసెయ్యాలి.

ముప్ఫై ఎనిమిది. వడ్రంగి తిప్పాడు. తాళం టక్కుమంది.

"నేల ఎత్తిందీ నువ్వే, మర్చిపోయిందీ నువ్వే. మమ్మల్ని కొట్టుకోనిచ్చి చూస్తూ నిలబడ్డావే!" అంది కూతురు. ఆయన పుస్తకం గుండెకి హత్తుకుని పళ్ళన్నీ కనబడేలా నవ్వాడు.

నంబరు కొడుక్కి తెలిసింది కాబట్టి వీధి వీధంతా తెలిసినట్టే. మర్నాడు పొద్దున్నే వడ్రంగి లేచి తాళం నంబరు మార్చాడు. గోడ మీద దారాన్ని కొత్త వాలులో బిగించి, కొలతలు రాసుకుని, దారం విప్పేశాడు. ఈసారి నాలుగు చీటీలు రాశాడు. నాలుగోది కోడలి చేతిలో పెట్టి, బాడిస తీసుకుని పనిలోకి దిగాడు.