తేట నీళ్ళ రొట్టెలు

తీగ మీద పద్నాలుగు గుడ్డలు ఆరుతున్నాయి. రొట్టెలమ్మ ఒకటికి రెండుసార్లు లెక్కపెట్టింది. నిన్నా పద్నాలుగే. మనవడు పాలు కక్కినప్పుడల్లా భుజం మీద వేసుకునే గుడ్డ ఒకటి మారుతుంది. ఆమెకు సంతకం పెట్టడం తప్ప పెద్దగా రాత రాదు కనుక, డాక్టరమ్మకు చెప్పవలసిన లెక్కంతా ఆ తీగ మీదే ఉంటుంది.

పిల్లవాడికి రెండున్నర నెలలు. రొమ్ము పట్టిన కాసేపటికే మెలికలు తిరిగిపోతాడు, వీపు విల్లులా వంచేస్తాడు, ఏడ్చి ఏడ్చి బొళుక్కున కక్కేస్తాడు. బుగ్గల మీద ఎర్రటి పొక్కులు. విరేచనంలో జిగురు, రెండుసార్లు సన్నటి నెత్తుటి చార కూడా. డాక్టరమ్మ చూసి, "పాలు పడకపోవడం కావచ్చు. తల్లి తిన్నది కొంత తల్లిపాలలోకి దిగుతుంది. పాలు, పెరుగు, వెన్న, నెయ్యి, జున్ను, ఇంకా పాలతో చేసినవేవీ మీరు ముట్టుకోకండి. మూడు వారాలు చూద్దాం. తాగించాక అరగంట వాణ్ణి నిటారుగా ఎత్తుకోండి" అంది. 'కావచ్చు' అందే గానీ 'అవును' అనలేదు. ఆ 'కావచ్చు'ను పట్టుకునే ఇల్లంతా ఇరవై రోజులు నెట్టుకొచ్చింది.

నెట్టుకురావడమంటే మాటలా! పాల గిన్నెలో మీగడ మిగిలితే గోకి గోకి తిని, గిన్నెకు చిల్లు పెడతావే అని తిట్లు తిన్న పిల్ల ఆమె కూతురు. అలాంటిది నోరు కట్టేసుకుంది. మొగుడు కాఫీ తాగుతుంటే దగ్గరికెళ్ళి వాసన మాత్రం చూసి వచ్చేసేది. చెంపలు లోపలికి పీక్కుపోయాయి. ఇంత చేసినా గుడ్డలు పద్నాలుగు నుంచి దిగలేదు.

పోయిన వారం రొట్టెలమ్మ ఉండబట్టలేక అనేసింది.

"నిజం చెప్పవే చిన్నీ, నాకు తెలియకుండా ఏ ఐస్‌క్రీమో నాకుతున్నావా? నీ జిహ్వ నాకు తెలీదా?"

"వాణ్ణి ఏడిపించి నేను ఐస్‌క్రీమ్ తింటానా అమ్మా?" అని మాత్రం అంది చిన్ని.

రొట్టెలమ్మ ఒక పెద్ద ఆఫీసు క్యాంటీన్‌లో పాతికేళ్ళుగా రొట్టెలు చేస్తోంది. అసలు పేరు జీతం కాగితం మీద తప్ప ఎక్కడా వినిపించదు. ఆమె రొట్టె రెండు వేళ్ళతో తుంచితే తునుగుతుంది, సాయంత్రానికి కూడా బిరుసెక్కదు. క్యాంటీన్‌లో రోజూ పాలు విరగ్గొట్టి పనీర్ ముద్ద తీస్తారు. మిగిలిన లేతపసుపు తేట నీళ్ళు పారబోస్తుంటే ఆమె ప్రాణం ఒప్పదు. ఆ తేటతోనే పిండి కలుపుతుంది. ఒక డబ్బా ఇంటికీ తెచ్చుకుంటుంది.

ఆ బుధవారం వడ్డన కిటికీ దగ్గర, ఆఫీసులో కొత్తగా చేరిన అమ్మాయి వచ్చి నిలబడింది. చేతుల నిండా దద్దుర్లు.

"పెద్దమ్మా, ఈ రొట్టెల్లో పాలేమైనా పోస్తారా? నాకు పాలు పడవు."

"నా రొట్టెల్లో పాలెందుకు తల్లీ? ఇంత మెత్తగా రావడం నా చేతి కిటుకు. పాలు విరిచిన తేటతో కలుపుతా."

ఆ అమ్మాయి నెత్తి కొట్టుకుంది. "ఎంత చల్లగా చెప్పారు పెద్దమ్మా! ముద్ద తీసేసినంత మాత్రాన పాలగుణం పోతుందా? నాకు పడనిది ఆ తేటలోనూ ఉంటుంది. వారం నుంచి గోక్కుని చస్తున్నాను, ఇదన్నమాట మీ కిటుకు!" అని నవ్వింది.

రొట్టెలమ్మ నవ్వలేదు. పిండిలో ఉన్న చేతులు పిండిలోనే ఉండిపోయాయి. డాక్టరమ్మ చెప్పిన పేర్లన్నీ మనసులోనే తిరగేసుకుంది. తేట పేరు అందులో లేదు. కానీ 'పాలతో చేసినవేవీ' అని కూడా అంది కదా. తేటను ఆమె ఏనాడూ పాల కింద జమకట్టలేదు. పారబోసే నీళ్ళు, అంతే. పూటకు నాలుగు రొట్టెలు, రెండు పూటలా, ఇరవై రోజులు. "బక్కచిక్కిపోయావు, ఇంకొక్కటి తిను" అంటూ తనే బతిమాలి మరీ వడ్డించింది.

సాయంత్రం ఇంటికొస్తూ దారిలోనే డబ్బా వంచేసింది. ఇంట్లో కుళాయి నీళ్ళతో పిండి కలిపింది. ఎవరికీ చెప్పలేదు. ఇక తేట ఉండదు, వాడు మెల్లగా తేరుకుంటాడు, ఇక చెప్పి సాధించేదేముంది? మనసు చెప్పగలిగిన సాకులన్నీ చెప్పింది.

అల్లుడు రొట్టె తుంచబోయి, "ఇవాళ అట్టముక్కలా ఉందేంటి అత్తయ్యా? క్యాంటీన్‌లో కోపం మా మీద తీరుస్తున్నారా?" అన్నాడు.

"పిండి మారింది బాబూ" అంది. వంట విషయంలో ఆమె ఆడిన మొదటి అబద్ధం అది.

చిన్ని పిల్లవాణ్ణి గుండెలకు నిటారుగా ఆనించుకుని కూర్చుంది. "అమ్మా, రేపు డాక్టరమ్మకు చెప్పేస్తాను. నా పాలు మాన్పించేసి, వాళ్ళు చెప్పే పాలపొడేదో పట్టిస్తాను. ఇంత కడుపు మాడ్చుకున్నా తగ్గలేదంటే వాడికి నేనే పడటం లేదు." మళ్ళీ, "నువ్వన్నావు చూడు, నేనేదో తిన్నానని. నిద్రమత్తులో ఏమైనా తిన్నానేమోనని కూడా ఆలోచించుకున్నాను" అంది.

రొట్టెలమ్మ చెబుదామని నోరు తెరిచింది. "నీళ్ళు తాగు" అంది. అంతే వచ్చింది.

మర్నాడు ఆసుపత్రిలో తూకం తొట్టిలో పిల్లవాడు కాళ్ళు తన్నుకుంటున్నాడు. బరువు అనుకున్నంత పెరగలేదు. చిన్ని కళ్ళొత్తుకుని, "డాక్టరుగారూ, ఇక నా పాలు..." అని మొదలుపెట్టింది.

"ఆగవే." రొట్టెలమ్మకు తన గొంతే కొత్తగా వినిపించింది. "దాని తప్పేం లేదమ్మా. ఇరవై రోజులూ దానికి పెట్టిన రొట్టెలు నేను తేటతో కలిపాను. పాలు విరిచిన తేట. అదీ పాలేనని నిన్ననే తెలిసింది. తెలిసి కూడా నిన్న ఇంట్లో మాట మింగేశాను."

డాక్టరమ్మ తిట్టలేదు. తిడితే బాగుండేది. కలం పక్కన పెట్టి, "అయితే మనం ఇంతవరకూ ఏదీ పరీక్షించనట్టే. ఇవాళ్టి నుంచి లెక్క మళ్ళీ మొదలు. మీ పాలు మానకండి. వారం వారం తూకానికి తీసుకురండి. తగ్గకపోతే వేరే కారణం వెతుకుదాం" అంది.

బస్సు కోసం బల్ల మీద కూర్చున్నాక చిన్ని అంది. "ఐస్‌క్రీమ్ నాకుతున్నావా అన్నావు."

"అన్నాను."

"నన్ను నేనే అనుమానించుకున్నానమ్మా."

"నాలుగు తిట్టవే. చేతులెత్తి దండం పెడతాను."

"తిట్టే ఓపిక లేదు. వీణ్ణి పట్టుకో, చెయ్యి లాగుతోంది."

రొట్టెలమ్మ మనవణ్ణి అందుకుంది. వాడు ఆమె భుజం మీద కక్కాడు. తుడుచుకోలేదు, అలాగే కూర్చుంది.

ఆ పూట నుంచి పిండి కలిపే వేళకు చిన్ని వంటగది గుమ్మంలోకి వచ్చేది. కుళాయి తనే తిప్పి, చెంబు నింపి, నీళ్ళు తనే పోసేది. పాతికేళ్ళుగా పిండి కలుపుతున్న మనిషి కిమ్మనకుండా పళ్ళెం ముందుకు జరిపేది. రొట్టెలు బిరుసుగానే వచ్చేవి.

పదహారో రోజున తీగ మీద ఐదు గుడ్డలే ఉన్నాయి. రొట్టెలమ్మ మూడుసార్లు లెక్కపెట్టింది. పైకి అంటే ఎక్కడ చెడుతుందోనని నోరు మెదపలేదు. పిండి పళ్ళెంలో వేసుకుని గుమ్మం వైపు చూసింది. ఎవరూ లేరు.

"చిన్నీ! నీళ్ళు పోద్దువు గాని రా."

"నువ్వే పోసుకో అమ్మా" అని లోపలి నుంచి గుసగుసగా వినిపించింది. "వీడు ఇప్పుడే పడుకున్నాడు."

ఆమె కుళాయి తిప్పి చెంబు నింపుకుంది. కుళాయి నీళ్ళేనని తెలిసినా, చెంబెత్తి ఒక గుక్క తాగి చూసుకుని, అప్పుడు పిండిలో పోసింది.