అద్దాల బీరువాలో దైగింజో

నేను ఒక జపాన్ సాకే సీసాను. సారాయి అనుకుని ముఖం తిప్పుకోకండి, మాది బియ్యపు వంశం. మాలోనూ తరగతులున్నాయి. మీలో ఉన్నన్ని లేవు, అంతే.

బియ్యం, నీళ్లు, బూజు పట్టించిన బియ్యం తప్ప ఇంకేమీ కలపకుండా చేస్తే జున్‌మాయి. కాస్త స్పిరిట్ కలిపితే హోంజోజో. ఈ ఇద్దరినీ వెచ్చబెట్టుకుని తాగినా తప్పులేదు. గింజను పైనుంచి పదింట నాలుగు వంతులు అరగదీస్తే గింజో. సగానికి సగం తవుడు చేసి పారేసి, మిగిలిన ముత్యమంత గింజతో చేస్తే దైగింజో. నేను దైగింజోని. అందులోనూ నామాని, అంటే కాచనిదాన్ని. నా వాసన పండ్లది, ప్రాణం పాలది. చల్లగా ఉంచాలి, కొద్ది నెలల్లోనే తాగేయాలి. ఎవరైనా ఒక్కరు నన్ను సకాలంలో రుచి చూడాలన్నదే నా కోరిక.

తడ దగ్గర ఒక జపాన్ ఫ్యాక్టరీలో ఒకాడా అనే ఇంజనీరు ఉండేవాడు. సూళ్లూరుపేట చెంగయ్యకు ఆరేళ్లు పని నేర్పాడు. స్వదేశానికి వెళ్లిపోయే రోజున నన్ను ఐసుపెట్టెలోంచి తీసి, రెండు చేతులా పట్టుకుని, తల వంచి ఇచ్చాడు. "చల్లగా. త్వరగా" అని తనకొచ్చిన తెలుగులో చెప్పాడు కూడా. చెంగయ్య ఏడుపులో ఉన్నాడు, ఒక్క ముక్కా చెవికెక్కలేదు.

ఫ్రిజ్‌లో పెట్టబోతే భార్య కామాక్షి అడ్డం పడింది. "పాల పక్కన సారాయి పెడతావా? ఇంకేమన్నా ఉండాదా?"

"ఫారిన్ సరుకులే. పాతబడేకొద్దీ విలువ. సార్ మళ్లీ వస్తే ఆయన్తోనే తాగతా" అని చెంగయ్య నన్ను హాల్లో అద్దాల బీరువాలో పెట్టాడు. సూళ్లూరుపేట ఎండలో నాలుగు వేసవులు ఉడికాను. వచ్చిన చుట్టమల్లా నన్ను మెచ్చుకుని వెళ్లాడు. లోపల నేను పసుపెక్కి, పులిసి, మగ్గిన తవుడు వాసన పట్టాను. బయటి చీటీ మాత్రం కొత్తగా మెరుస్తూనే ఉంది. మీకు కావలసింది అదే కదా.

ఒక ఆదివారం మధ్యాహ్నం ఒకాడా నిజంగానే వచ్చాడు. జపాన్ వాళ్లు వేడిగా తాగుతారని చెంగయ్య ఎక్కడో విన్నాడు. వేడినీళ్ల గిన్నెలో నన్ను నిలబెట్టాడు. ఆ మర్యాద జున్‌మాయికి చెయ్యాల్సింది నాయనా, నాకు కాదు. నా మొర ఎవడికి వినబడుతుంది?

"నాలుగేండ్లుగా మూత తియ్యలా సార్. మీకోసరమే పెట్టుండా" అంటూ స్టీలు గ్లాసులో పోశాడు.

ఒకాడా వాసన చూశాడు. చెంగయ్య ముఖం చూశాడు. తర్వాత గ్లాసు ఎత్తి చుక్క మిగలకుండా తాగేశాడు.

"బాగుండాదా సార్?"

"చాలా బాగుంది" అన్నాడు ఆ పెద్దమనిషి.

చెంగయ్యా తాగాడు. పళ్లు బిగబట్టి మింగి, "సూపర్ సార్" అన్నాడు. నా కోసం కాకపోయినా నిజం కోసమైనా ఒక్కరు ఉమ్మేసి ఉంటే బాగుండేది. మీ మంచితనం మీద నాకు అసహ్యం పుట్టింది ఆ రోజే.

అంత ప్రేమగా దాచుకున్నాడు కదా అని, రెండు నెలలకు ఒకాడా ఇంకో ఇంజనీరు చేత మరో నామా దైగింజోని పంపాడు. మంచులో పడుకుని, నిన్నగాక మొన్న పుట్టినట్టు వచ్చాడు నా తమ్ముడు. ఖాళీ అయ్యాక కూడా అందంగా ఉన్నానని నన్ను బీరువాలోనే ఉంచారు గనక అంతా చూశాను.

చెంగయ్య వాణ్ని చూడగానే ముఖం ముడుచుకున్నాడు. "మళ్లా ఈ పులిసిన గంజా? సార్‌కి చెప్పబాక గానీ, తూములో పోసెయ్. సీసా మాత్రం దాచు."

కామాక్షి మూత తీసి తమ్ముణ్ని సింకులో వంచేసింది. చివరి చుక్క జారాక ఆగి, గాలి పీల్చింది.

"ఏందయ్యా, అరటిపండ్లేమన్నా తెచ్చినావా? ఇల్లంతా కమ్మగా వాసనొస్తా ఉండాది."

"లేదే" అన్నాడు చెంగయ్య.