గుమ్మం దగ్గర పట్టిన ఈగలు

మంగళవారం ఉదయం పది గంటల ఇరవై నిమిషాలకు తేనెటీగల పెంపకందారుల సంఘం కార్యదర్శి ఫోన్ చేశాడు. తోటాయనకు అమ్మిన పన్నెండు రాణి ఈగల్లో ఒక్కటి కూడా రిజిస్టర్లో ఉన్న తల్లి వరసది కాదని ల్యాబ్ తేల్చిందని చెప్పాడు.

ఫోన్ ఎత్తినామె అప్పుడు షెడ్డులో చట్రాలకు అంటిన మైనం గీకుతోంది. కొనేవాళ్లంతా ఆమెను రాణులక్క అంటారు. రాణి ఈగల్ని పెంచి అమ్మడం ఆమె పని.

"పన్నెండూనా?"

"పన్నెండూనమ్మా. ఒకటో రెండో అయితే పొరపాటనుకుందుం. వచ్చే శుక్రవారం కాక పై శుక్రవారం కమిటీ కూర్చుంటుంది. ఈలోగా మీరు రుజువు చూపించకపోతే రిజిస్టర్లోంచి మీ వరస పేరు కొట్టేస్తారు. నా చేతుల్లో ఏం లేదు."

"పరీక్షకి ఈగల్ని ఎప్పుడు పట్టారు?"

"మీ రాణుల్ని పెట్టెల్లో వదిలిన ముప్పై అయిదో రోజున."

"ఎక్కణ్ణించి పట్టారు?"

"పెట్టెల నుంచే. ఇన్‌స్పెక్టర్ కాగితం మీద అలాగే రాశాడు."

ఫోన్ పెట్టేసి రాణులక్క వేళ్లు మడిచి లెక్క వేసింది. కొత్త రాణి పెట్టెలో కుదురుకుని గుడ్లు పెట్టడానికి నాలుగైదు రోజులు. గుడ్డు ఈగై బయటికి రావడానికి ఇరవయ్యొక్క రోజులు. ముప్పై అయిదో రోజుకి పెట్టెలో కొత్త రాణి కూతుళ్లు వేలల్లో ఉండాలి. లెక్క ఎటు తిప్పినా ఒకే చోటికి వచ్చి ఆగింది. పెట్టెల్లోకి వెళ్లినవి తన రాణులు కావు. ఎవరో మార్చారు.

ఆ రాణుల్ని పంజరాల్లో సర్దినది చెల్లెలు.

ఆ రోజు రాణులక్క మణికట్టుకి వేసిన కట్టు విప్పించుకోవడానికి ఆస్పత్రికి వెళ్లింది. వచ్చేసరికి పన్నెండు పంజరాలూ బల్ల మీద వరసగా ఉన్నాయి. అగ్గిపెట్టెంత పంజరం, ఒక్కోదాంట్లో ఒక రాణి, దానికి మేత అందించడానికి ఆరు ఈగలు, మూలన చక్కెర ముద్ద. రాణి వీపు మీద ఆ ఏడాది గుర్తుగా ఆకుపచ్చ చుక్క. చుక్క పెట్టింది కూడా చెల్లెలే. ఆకుపచ్చ రంగు ఏ రాణి మీద పెట్టినా అంటుకుంటుంది.

ముప్పై నాలుగేళ్ల కిందట ఈగలకి పేను తగిలి వాళ్లమ్మ పెట్టెలు నలభైలో ముప్పై తొమ్మిది ఒకే చలికాలంలో ఖాళీ అయ్యాయి. ఒకటి మిగిలింది. ఆ పెట్టె రాణికి కూతుళ్లు, ఆ కూతుళ్లకి కూతుళ్లు పుట్టి ఇవాళ రెండు వందల తోటల దాకా పాకారు. ఈ వరస ఈగలు పేనుని వాటంతటవే కొరికి పారేస్తాయి. తండ్రి ఈగలు ఏ పెట్టెవైనా కావచ్చు, గాల్లో కలుస్తాయి కాబట్టి వాటిని ఎవరూ ఆపలేరు. తల్లి దగ్గర్నుంచి మాత్రమే కూతురికి దిగే డీఎన్ఏ ఒకటుంది. అది మారదు. ఆరేళ్ల కిందట ల్యాబ్ వాళ్లు ఈ వరసకి మాత్రమే ఉన్న గుర్తు కనిపెట్టి రిజిస్టర్లో ఎక్కించారు. అమ్మ అప్పటికి లేదు. పేరు రాణులక్క ఒక్కదానిదే పడింది.

"అమ్మ వరస మొత్తం నీ పేరు మీదే ఉంది కదక్కా" అని చెల్లెలు మొన్నీమధ్య చట్రాలు మోస్తూ అంది. అప్పుడు అది మామూలు మాటలాగే వినబడింది.

మంగళవారం మధ్యాహ్నం చెల్లెలు మందుల షాపులో పని ముగించుకుని వచ్చింది. ఇద్దరివీ ఒకే ఆవరణలో ఎదురెదురు గదులు. వెనక గోడ పక్కన చెల్లెలి సొంత పెట్టెలు ఏడున్నాయి. రెండేళ్ల కిందట వాటిల్లో ఎవరో బండి మీద తెచ్చిన వేరే వరస పసుపు రాణుల్ని చవగ్గా కొని పెట్టుకుంది. ఆ సంగతి మీద అప్పట్లో అక్కాచెల్లెళ్లకి వారం రోజులు మాటల్లేవు.

"తోటాయన రాణుల్ని ఏ పెట్టెల్లోంచి తీశావే?"

"నువ్వు సుద్దతో గీత గీసిన వాటిల్లోంచే. ఏం?"

"ఊరికే."

"నువ్వు ఊరికే అడిగే మనిషివి కాదు. ఎవరైనా ఏమైనా అన్నారా?"

"ఎవరంటారు?"

చెల్లెలు చెప్పులు విప్పుతూ ఒకసారి తలెత్తి చూసింది. "సరే, కడుపులోనే దాచుకో. పిల్లలు పెడుతుంది" అని లోపలికి పోయింది. ఫోన్ సంగతి రాణులక్క చెప్పలేదు.

బుధవారం చెల్లెలు పనికి వెళ్లాక తొమ్మిదిన్నరకి రాణులక్క పొగడబ్బా రాజేసి వెనక గోడ దగ్గరికి నడిచింది. మూడో పెట్టె మీది ఇటుక తీసి, మూత ఎత్తి, నడిమి చట్రం పైకి లాగింది. మైనంతో మూతపడిన గదుల్లోంచి పట్టకారుతో ఆరు పిల్లల్ని తీసి స్పిరిట్ సీసాలో వేసింది. చీటీ మీద "చెల్లెలి మూడో పెట్టె" అని రాసింది. చట్రం దించి, మూత వేసి, ఇటుక పెట్టింది. సీసా మధ్యాహ్నం కొరియర్లో ల్యాబ్‌కి వెళ్లింది. ఆమె ఆలోచన ఒక్కటే. తోటలో దొరికిన ఈగల గుర్తు, ఈ సీసాలో గుర్తు ఒకటైతే దొంగ ఇంట్లోనే ఉన్నట్టు.

గురువారం బస్సెక్కి తోటకి వెళ్లింది. తోటాయన అరవై దాటిన మనిషి. ఆమెను చూడగానే చేతులు తుడుచుకుంటూ ఎదురొచ్చాడు.

"రామ్మా. నీ రాణులు బంగారం. పెట్టెలు బరువెక్కుతున్నాయి. మరి ఆ కాగితమేంటి, నా బుర్రకెక్కలేదు."

ఆమె పన్నెండు పెట్టెలూ తెరిచింది. అన్నింట్లోనూ ఆకుపచ్చ చుక్క రాణులే. చుక్క కాస్త ఎడమ పక్కకి ఉంది. చెల్లెలు ఎప్పుడూ అలాగే పెడుతుంది. దాంతో ఏదీ తేలలేదు.

"ఇన్‌స్పెక్టర్ తీసింది ఏ చట్రంలోంచో చూశారా?"

"చట్రమా?" తోటాయన నవ్వాడు. "ఆయన మూత మీద చెయ్యి వేస్తే కదా! కొత్తవాడు. ముసుగు ఇంట్లో మర్చిపోయి వచ్చాడు. పెట్టె గుమ్మం ముందు గొంతుక్కూర్చుని, వచ్చే ఈగ మీదా పోయే ఈగ మీదా సీసా బోర్లించి పట్టాడు. అయిదో పెట్టె దగ్గర ఒకటి చెవిలో దూరింది. ఆ బావి దాకా పరిగెత్తాడమ్మా. ఈగల అధికారి అంత జోరుగా పరిగెత్తడం నేనెప్పుడూ చూళ్ళేదు."

"పన్నెండూ గుమ్మం దగ్గరేనా?"

"ఒట్టు. నేనే సీసాలు అందించా."

రాణులక్క పెట్టె పక్కన తిరగేసిన బకెట్ మీద కూర్చుంది. పుట్టిన ఈగ మొదటి మూడు వారాలు గూట్లోనే ఉంటుంది. పిల్లలకి మేత పెడుతుంది, గదులు కడుతుంది. గుమ్మం దాటి పనికెళ్లేది ఆ తర్వాతే. ముప్పై అయిదో రోజున కొత్త రాణి పెద్దకూతురి వయసు పది రోజులు. ఆ రోజు గుమ్మం దగ్గర దొరికినవన్నీ అంతకుముందున్న రాణి కూతుళ్లు.

ఆమె అక్కణ్ణించే కార్యదర్శికి ఫోన్ చేసింది. శుక్రవారం ఆయన స్వయంగా వచ్చాడు. పన్నెండు పెట్టెల్లోంచీ ఇప్పుడున్న రాణులు కన్న, మూతపడిన పిల్లల్ని ఆయన ఎదుటే తీశారు. సీసాలకి సంఘం సీలు పడింది. తోటాయన సాక్షి సంతకం చేశాడు.

తిరిగొచ్చే బస్సులో ల్యాబ్ నంబరు తీసింది. బుధవారం పంపిన సీసా పక్కన పెట్టమని చెప్పాలనుకుంది. నొక్కబోయి ఆగింది. ఈగల్ని గుమ్మం దగ్గర పట్టారన్నది నిజమే. అంతమాత్రాన రాణులు మారలేదని తేలలేదు. ఫోన్ సంచిలో వేసుకుంది.

శనివారం చెల్లెలికి ఫోన్ సంగతీ తోట సంగతీ చెప్పింది. సీసా సంగతి చెప్పలేదు.

"నాలుగు రోజులు నాతో అనకుండా ఎలా ఉన్నావక్కా?"

"నీకెందుకు దిగులని."

"కమిటీ రోజున సెలవు పెట్టి నేనూ వస్తా. సర్దింది నేను. అడిగితే నేనే చెప్పాలి."

తర్వాతి శుక్రవారం పదకొండింటికి సంఘం హాల్లో కమిటీ కూర్చుంది. తొమ్మిది మంది సభ్యులు, గోడ వారగా ఇన్‌స్పెక్టర్. అక్కాచెల్లెళ్లు మొదటి వరసలో పక్కపక్కన కూర్చున్నారు. ల్యాబ్ కవరు కార్యదర్శి అందరి ముందూ చింపాడు.

"సీసాలన్నీ ఒకే పేరు మీద ఉండడంతో ఒకే నివేదికలో ఇచ్చారు. ఒకటి నుంచి పన్నెండు దాకా తోట పెట్టెలు. తల్లి వరస రిజిస్టర్లో ఉన్నదే."

తోటాయన చప్పట్లు కొట్టాడు. ఇంకెవరూ కొట్టకపోయేసరికి ఆపాడు. చెల్లెలు అక్క మోచెయ్యి పట్టుకుంది.

"పదమూడోది ఒకటుంది" కార్యదర్శి కళ్లజోడు సర్దుకున్నాడు. "చెల్లెలి మూడో పెట్టె, అని రాశారు. తల్లి వరస, మొదటి పన్నెండుతో ఒకటే."

చెల్లెలి చెయ్యి మోచేతి మీద నుంచి తొలగింది.

కమిటీ తీర్మానం నాలుగు వాక్యాలు. పేరు రిజిస్టర్లో ఉంటుంది. మొదటి పరీక్ష చెల్లదు. ఇకమీద ఈగల్ని ఏ చట్రంలోంచి తీశారో రాయాలి. ఇన్‌స్పెక్టర్ ముసుగు లేకుండా వెళ్లకూడదు. చివరి వాక్యానికి అందరూ నవ్వారు. అక్కాచెల్లెళ్లు నవ్వలేదు.

ఇద్దరూ బస్టాపుకి నడిచారు. అక్కడ చెల్లెలే మాట ఎత్తింది.

"నా పెట్టె ఎప్పుడు తెరిచావు?"

"బుధవారం."

"నేను పనికెళ్లాకనా?"

"ఊఁ."

"ఇటుక అడ్డంగా ఉంది. గాలికి తిరిగిందనుకున్నా. ఇటుకని గాలి తిప్పుతుందా అని కూడా అనుకోలేదు చూడు. నువ్వున్న ఇంట్లో ఎవరో తెరిచారన్న ఆలోచన రాదు."

"నీ దగ్గర పసుపు రాణులున్నాయనుకున్నానే."

"పోయినేడాదే తీసేశా. అమ్మ వరసే పెట్టా. నీకు చెప్పా. నువ్వు మైనం కాస్తున్నావు. ఊఁ అన్నావు."

"గుర్తులేదు."

"నా సీసా ఎప్పుడు పంపావు, తోటకెళ్లక ముందా, వచ్చాకా?"

"ముందు."

"గుమ్మం సంగతి తెలిశాక ఆపమని చెప్పావా?"

బస్సొచ్చింది. రాణులక్క ఎక్కింది. చెల్లెలు తర్వాత బస్సుకి వచ్చింది.

సోమవారం ఉదయం ఆరింటికి ఆవరణలోకి చిన్న లారీ వచ్చింది. చెల్లెలు ఏడు పెట్టెల గుమ్మాలకీ స్పాంజి కుక్కి, మూతలకి తాళ్లు కట్టింది. రాణులక్క ఒక పక్క పట్టుకోవడానికి వంగింది. చెల్లెలు వద్దనలేదు. ఇద్దరూ ఏడూ ఎక్కించారు. డ్రైవరు "ఈగలు బయటికి రావు కదమ్మా?" అని రెండుసార్లు అడిగాడు. రావని ఇద్దరూ ఒకేసారి చెప్పారు. గోడ పక్కన ఏడు ఇటుకలు మిగిలాయి.

ఆ నెల పంతొమ్మిదో తేదీన సంఘానికి ఒక దరఖాస్తు అందింది. రుజువుగా ల్యాబ్ నివేదిక నకలు జతచేశారు. అందులో పదమూడో నంబరు కింద గీత గీసి ఉంది. కమిటీ అభ్యంతరం చెప్పలేదు. రిజిస్టర్లో ఆ తల్లి వరస కింద ఇప్పుడు రెండు పేర్లు, రెండు చిరునామాలు ఉన్నాయి.