నలభై ఎనిమిది వోల్టుల పాడె

మా అక్క అంబిక పోయిన రోజు బండి నడిపింది నేనే. ఎందుకు నడిపావు ఎల్లేషూ అని ఎవరైనా అడిగితే నాకు ఒళ్ళు మండుతుంది. ఇంకెవరు నడుపుతారు? దాన్ని అట్లా తయారు చేసింది నేనే కదా.

అది ఒకప్పుడు గోల్ఫ్ బండి. ఏదో రిసార్టులో మూలన పడి ఉంటే మా బస్తీవాళ్ళు అడిగి తెచ్చుకున్నారు. అశోక్‌నగర్ వెనక పాలమూరు కూలీల బస్తీ మాది. పగలు మగవాళ్ళంతా పనుల మీద ఉంటే పాడె మోయడానికి నలుగురు దొరకరు. అందుకే సీట్లు పీకి, పలక బిగించి, వైకుంఠ రథం చేశాం. నారాయణగూడలో బ్యాటరీల షాపు నాది కాబట్టి దాని బాగోగులు నా నెత్తిన పడ్డాయి.

మొదట దానికి ముప్పై ఆరు వోల్టులు, చిన్న టైర్లు. వెంట వచ్చేవాళ్ళ నడకతో సమానంగా పోయేది. అదే నాకు నామోషీ అయింది. మాసయ్య తాతను తీసుకుపోతుంటే చిక్కడపల్లిలో ఒక కారువాడు అద్దం దించి, శవం లేచి నడిచినా ఇంతకంటే ముందే చేరుతుందన్నాడు. నాకు తిక్క రేగింది. మర్నాడే ఇంకో రెండు బ్యాటరీలు కలిపి నలభై ఎనిమిది వోల్టులు చేశాను. వోల్టేజీ పెరిగితే మోటారు ఇంకా జోరుగా తిరుగుతుంది. ఒక్కో చుట్టుకు ఎక్కువ దూరం పోవాలని పెద్ద టైర్లు ఎక్కించాను. ఖాళీ రోడ్డు మీద గంటకు ముప్పై కిలోమీటర్లు దాటింది. మీసం మెలేశాను.

పెద్ద టైర్లకు ఎత్తు మీద బలం చాలదని నాకు తెలుసు. మెల్లగా పోనిస్తే మధ్యలో ఆగిపోతుంది. ఊపు మీద ఎక్కిస్తే సరిపోతుందిలే అనుకున్నాను. వెనక నడిచేవాళ్ళ సంగతి ఈ మొద్దు బుర్రకు తట్టనే లేదు.

అక్క మూడు రోజుల జ్వరంతో పోయింది. మా అమ్మ తిమ్మమ్మ కంట తడి పెట్టలేదు. దింపుడు కళ్ళం దగ్గర తనే పిలుస్తానని మాత్రం పట్టుబట్టింది. శ్మశానానికి ముందు పాడె దించి, పోయిన మనిషి చెవిలో మూడుసార్లు పేరు పెట్టి పిలుస్తారు. ప్రాణం ఎక్కడైనా మిగిలి ఉంటే లేస్తారని. అది మగవాళ్ళ పని అని పెద్దలు చెప్పి చూశారు.

"నా బిడ్డను నేను పిలుస్త. ఇంకెవ్వలు పిలవొద్దు," అంది అమ్మ. సరేనని మాటిచ్చాను.

నారాయణగూడ దగ్గర ఎత్తు మొదట్లోనే బండి మూలిగింది. వెనక బస్సు, ఆటోలు, ఒకటే హారన్లు. ఇక్కడ ఆగితే అక్క నడిరోడ్డు మీద ఉండిపోతుందని పెడల్ పూర్తిగా తొక్కాను. ఎక్కింది. ఎక్కి దౌడు తీసింది. డప్పుల చప్పుడు వెనకబడిపోయింది. బావ, ఇంకో నలుగురు మగవాళ్ళు పరుగెత్తుకొచ్చి అందుకున్నారు. వెనక నడిచొస్తున్న అమ్మ కనిపించలేదు.

దింపుడు కళ్ళం దగ్గర పావుగంట చూశాం. పొద్దు కుంకుతోంది, చీకటి పడితే చితి ముట్టించకూడదని కాటికాపరి తొందర పెట్టాడు. బస్తీ పెద్ద పీరయ్య కూడా ఇంక ఆగొద్దన్నాడు. అమ్మ కోసం ఎవరినైనా బైకు మీద పంపాలని నాకెందుకు తోచలేదో, ఇప్పటికీ నన్ను నేను తిట్టుకుంటాను. బావ వంగి మూడుసార్లు పిలిచాడు. అక్క లేవలేదు.

చితి అంటుకున్నాక అమ్మ వచ్చింది. చెప్పులు చేతిలో ఉన్నాయి, రొప్పుతోంది. ఎవరు పిలిచారని సైగ చేసి అడిగింది. బావ తల దించుకున్నాడు. అమ్మ నన్ను కొట్టలేదు. కొట్టినా బాగుండేది.

"ఆయన గొంతుకు అది ఎన్నడు లేచిందిరా?" అంది. "చిన్నప్పటి సంది నేను లేపితెనే లేస్తుండె."

అని మంట దగ్గరికి పోయి, అందరూ చూస్తుండగా, పొద్దున నిద్ర లేపినట్టే మెల్లగా పిలిచింది. "అంబికా... లే బిడ్డా." మూడోసారి పిలిచి అక్కడే నిలబడి చూస్తూ ఉంది. దగ్గరికి పోయి పట్టుకోవాలనుకున్నాను. ధైర్యం చాలలేదు.